చందనం అంచు కాకి

గ్రాఫిక్స్ ఉద్యోగం నుంచి నేను ఇరవై నాలుగో ఏట రిటైరయ్యాను. సన్మానం జరగలేదు, శాలువా కప్పలేదు, గోడ గడియారం ఇవ్వలేదు. కుర్చీ మాత్రం మార్చారు. రిటైరైనవాళ్లు అనుభవాలు రాసి కుర్రవాళ్లకు బుద్ధులు చెప్పడం ఆనవాయితీ కాబట్టి నేనూ రాస్తున్నాను. నా జుట్టు ఇంకా నల్లగానే ఉంది, మోకాళ్లు బాగానే పనిచేస్తున్నాయి, చెప్పడానికి బుద్ధులు మాత్రం పెద్దగా లేవు. ఉన్నదల్లా ఒక కాకి కథ.

తొంభైల చివరి రోజులవి. మాదాపూర్‌లో ఆ గుండ్రటి పెద్ద భవనం అప్పుడే లేచింది. పేపర్లో దాని ఫొటో చూసిన చుట్టాలంతా మేము అందులోనే పనిచేస్తున్నామనుకునేవారు. మేము కాదనేవాళ్లం కాదు. నిజానికి మా కంపెనీ ఆ భవనానికి కాస్త దూరంలో, ఒక ఇంటి పై అంతస్తులో ఉండేది. కింద ఓనర్ గారి కుటుంబం. వాళ్లు పోపు పెడితే పైన ప్రోగ్రామర్లు తుమ్మేవారు. వచ్చినవాళ్లకి వచ్చినట్టు వెబ్‌సైట్లు చేసి ఇవ్వడం మా పని. అందులో బొమ్మలూ బటన్లూ గీయడం నా పని. మాది పాత కూకట్‌పల్లి. మా నాయిన "మావోడు కంప్యూటర్ల బొమ్మలు గీస్తడు" అని అందరికీ చెప్పేవాడు. "గంత చదివిపిచ్చినవ్, గిదేంది మరి?" అని వాళ్లు జాలిపడేవారు.

ఈ కథలో ఉన్న మనుషులు తక్కువే. మా ఎం.డి. గారు కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి కాలనీలో ఇల్లు కట్టుకున్న మనిషి. మంచివారు. జోకులు వేసేవారు. ఈ రెండు వాక్యాలకూ సంబంధం లేదు. ఆయన బామ్మర్ది గారు అడ్మిన్ చూసేవారు. అడ్మిన్ అంటే టీ, ఏ.సి., తాళాలు. నెట్‌వర్క్ చూసే అన్న కొండాపూర్ మనిషి. మా ఆఫీసున్న చోట చిన్నప్పుడు గాలిపటాలు ఎగరేశాడట, ఇప్పుడు అక్కడే కేబుళ్లు లాగుతున్నాడు. నా పక్క సీట్లో ఒక ప్రోగ్రామర్ ఉండేది, రాజమండ్రి నుంచి వచ్చింది. ఆఫీసంతా ఆమెను మేడమ్ అనేది. మొదటి రోజే ఆమె నన్ను "ఒరేయ్" అంది కాబట్టి నాకు మాత్రం అక్క అయింది.

ఒకసారి ఎం.డి. గారు బెంగుళూరులో ఏదో మీటింగుకు వెళ్లొచ్చారు. అక్కడి పెద్ద కంపెనీల్లో ఉద్యోగులంతా కంప్యూటర్లో ఒక డిస్కషన్ బోర్డు మీద మనసులో మాట భయం లేకుండా రాసుకుంటారని విన్నారట.

"మన ఆఫీసులో కూడా అందరూ స్వేచ్ఛగా మాట్లాడాలండి," అన్నారు. "వచ్చే సోమవారం నుంచి. కంపల్సరీ."

బోర్డు అక్క తయారుచేసింది. మొదటి వారం దాన్ని ముగ్గురమే చూశాం: ఎం.డి. గారు, అక్క, నేను. అప్పుడు వెనక రంగు చందనం రంగు. బామ్మర్ది గారు ఒకసారి తొంగి చూసి "పెళ్లి పత్రికలా ఉంది బావగారూ" అన్నారు. అంతే, మర్నాటికి ముదురు నీలం అయిపోయింది. నీలం అయ్యాకే ఆఫీసంతటికీ తెరిచారు. ఈ రంగు సంగతి గుర్తుంచుకోండి, తర్వాత నా ఉద్యోగం దీని మీదే ఆధారపడింది.

బోర్డు తెరిచారు, స్వేచ్ఛ ఇచ్చారు. అందరూ వచ్చి స్వేచ్ఛగా "గుడ్ మార్నింగ్" అని రాశారు. మర్నాడూ అదే. పండగ రోజున మాత్రం "హ్యాపీ దసరా" అని రాసి, మళ్లీ "గుడ్ మార్నింగ్"కు వచ్చేశారు. ఉత్సాహం తగ్గిందని ఎం.డి. గారు ఒక ఉపాయం ఆలోచించారు. ప్రతి మనిషికీ ఒక సిగ్నేచర్ బొమ్మ. అంటే ఏం రాసినా దాని అడుగున ఆ మనిషి పేరుతో, గుర్తుతో, బస్సు నెంబరు బోర్డంత సన్నటి పట్టీ ఒకటి వచ్చి కూర్చుంటుంది. అందరి పట్టీలూ నేనే గీయాలి.

బొమ్మలు గీయడం కష్టం కాదు. మనుషుల కోరికలు వినడం కష్టం. ఎం.డి. గారికి గ్లోబు, ఉదయించే సూర్యుడు, కరచాలనం, గద్ద, ఆయన పేరు, పేరు కింద ఒక నినాదం కావాలి.

"సార్, గింత పట్టీల గద్దకు రెక్కలు చాపే జాగ లేదు."

"రెక్కలు ముడిపించవయ్యా. గద్దే కదా, కూర్చోదా ఏంటి?"

గద్దను గ్లోబు మీద కూర్చోబెట్టాను. చూసినవాళ్లంతా పావురం చాలా బాగుందన్నారు. నెట్‌వర్క్ అన్నకు తన పేరు మంటల్లో కాలుతూ కనిపించాలి.

"అన్నా, మంటలు పెడితే సైజు పెరుగుతది. బోర్డు తొందరగ తెరుచుకోదు."

"తెరుచుకోకుంటే ఎవరికి చెప్తరు? నాకే గద! నువ్వు ఫికర్ చెయ్యకు తమ్మి, జర గట్టిగ పెట్టు మంట."

ఆ మంటలకు నాకు రెండు రోజులు పట్టింది. ఆనాటి ఫోటో సాఫ్ట్‌వేర్ ఒక్కసారి మాత్రమే వెనక్కి వెళ్లనిచ్చేది. రెండు తప్పులు చేస్తే మొదటిది శాశ్వతం. నా కెరీర్‌లో చాలా బొమ్మలు అలాగే పూర్తయ్యాయి.

పనిలో నాకు గట్టిగా తెలిసిన విషయం ఒక్కటే, అది మీకూ చెప్తాను. బొమ్మ అంచులు గరుగ్గా కనిపించకుండా సాఫ్ట్‌వేర్ ఆ అంచుల్లో వెనక రంగును కాస్త కలుపుతుంది. తర్వాత ఆ బొమ్మను కత్తిరించి వేరే రంగు మీద పెడితే, పాత రంగు అంచున సన్నటి గీతలా మిగిలిపోతుంది. గోడ మీది పోస్టర్‌ను లాగితే దాని వెనక సున్నం అంటుకుని వచ్చినట్టు. అందుకే నేను ప్రతి పట్టీనీ ముదురు నీలం మీదే గీసేవాణ్ని. నా గద్ద పావురంలా ఉండొచ్చు, దాని అంచు మాత్రం శుభ్రంగా ఉండేది.

అందరి పట్టీలూ పూర్తయి, "గుడ్ మార్నింగ్"లు రంగురంగుల్లో రావడం మొదలయ్యాక ఒకరోజు బోర్డు మీద కాకి వాలింది.

సభ్యుడి పేరు ఉండాల్సిన చోట 'కాకి' అని ఉంది. అప్పట్లో కంప్యూటర్లో తెలుగు అక్షరాలు ఎక్కడివి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లం. మాట ఒక్కటే: "ఏ.సి. ఒక్క గదిలోనే ఎందుకు? మిగతా మనుషులకు చెమట రాదా?" దాని అడుగున పట్టీ. కరెంటు తీగ మీద ఒక కాకి, మెడ పక్కకు వంచి, ఒంటి కన్నుతో నేరుగా చదివేవాడినే చూస్తోంది. నువ్వేం చేస్తున్నావో నాకు తెలుసు అన్నట్టు. బొమ్మ ఎంత బాగుందంటే, నేను మొదట చదవడం మానేసి దాన్నే చూశాను. తర్వాత అసూయపడ్డాను. చదవడం మూడోది.

ఆ తర్వాత వారానికి ఒకటో రెండో. "ఆఫీసు టీలో టీ పొడి ఉందని రుజువు చేసినవారికి సన్మానం." "ఆదివారాలు కూడా రమ్మంటే మా ఇంట్లోవాళ్లు నన్ను గుర్తుపట్టడం మానేస్తారు." ఇంతవరకూ ఎం.డి. గారు కూడా నవ్వారు. "ఇదేనండి స్వేచ్ఛ అంటే" అన్నారు. అప్పుడొచ్చింది అసలుది: "ఎం.డి. గారి జోకులకు నవ్వడం డ్యూటీలో భాగమా, ఓవర్ టైమా?"

ఆ రోజుతో స్వేచ్ఛ అయిపోయింది.

ఆఫీసు గాలే మారిపోయింది. ఎవరి వెనక నుంచి ఎవరు నడిచినా ముందున్న తెర మీద ఏదో ఒకటి గబుక్కున మూసుకునేది. మామూలుగా అది పేకాట అయ్యుండేది, కానీ ఇప్పుడు కాకేమో అనిపించేది. భోజనాల దగ్గర మాటలు తగ్గాయి. ఎవరైనా టీ బాగాలేదంటే నలుగురూ తలెత్తి వాళ్ల మొహంలోకి చూసేవారు. ఎం.డి. గారు జోకు వేసినప్పుడు ఎవరు నవ్వలేదో బామ్మర్ది గారు గమనిస్తున్నారని ఒక పుకారు. దాంతో అందరం పెద్దగా నవ్వడం మొదలుపెట్టాం. అంత నవ్వు చూసి ఎం.డి. గారికి అనుమానం ఇంకా పెరిగింది.

ఆ అనుమానం తిన్నగా నా దగ్గరికొచ్చింది. ఒక మధ్యాహ్నం ఏ.సి. గదిలోకి పిలిచారు. బామ్మర్ది గారు తలుపు దగ్గర నిలబడ్డారు, నేను పారిపోతే పట్టుకోవడానికి కాబోలు. ఆయన నా భుజం దాకా వస్తారు.

"కూర్చోవయ్యా," అన్నారు ఎం.డి. గారు. "ఆ కాకి బొమ్మ చూశావా?"

"చూసిన సార్."

"ఎలా ఉంది?"

"మస్తుగుంది సార్."

"మరి మన ఆఫీసులో అంత బాగా గీసేవాడు ఎవడున్నాడు?"

జీవితంలో నాకు దొరికిన అతి పెద్ద పొగడ్త అది. ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. ఒప్పుకోకుండా ఉండాలంటే నాకు అంత బాగా గీయడం రాదని రుజువు చేయాలి. రుజువైతే అప్పుడు కూడా ఉద్యోగం పోతుంది. గద్దను చూపించి "సార్, ఇది గీసినోడు అది గీస్తడా?" అందామని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"పైగా నెట్‌వర్క్ ఆయన లాగ్ చూశాడు," అన్నారు బామ్మర్ది గారు. "కాకి రాసినవన్నీ నీ మెషిన్ నుంచే వచ్చాయండి."

"నా మెషిన్‌కే స్కానర్ ఉంది సార్. అందరు వస్తరు, కూసుంటరు, పోతరు."

"శుక్రవారం మీటింగు పెడుతున్నాను," అన్నారు ఎం.డి. గారు. "కాకి ఎవరో ఆ రోజుకి తేలాలి. నువ్వు కాకపోతే ఎవరో నువ్వే చెప్పు. చెప్పలేకపోతే సోమవారం నుంచి రావక్కర్లేదయ్యా. నాకు బాధగానే ఉంది." నిజంగానే బాధగా ఉన్నారు. అంత బాధలో కూడా జోకు వెయ్యలేదంటే వ్యవహారం ముదిరిందని అర్థమైంది.

ఆ ఉద్యోగం చూసి చుట్టాలు అప్పటికే జాలిపడుతున్నారు. బొమ్మలు గీసే ఉద్యోగం కూడా పోగొట్టుకున్నాడంటే ఇంకెలా జాలిపడతారో ఊహించుకున్నాను. అప్పటినుంచి నేను కూడా అందరినీ అనుమానించడం మొదలుపెట్టాను. రిసెప్షన్‌లో కూర్చునే ఇంకో మేడమ్ నవ్వుతూ పలకరిస్తే ఎందుకు నవ్వుతోందనిపించేది. అన్న "ఏంది తమ్మి, గట్లున్నవ్?" అంటే, ఈయనకెందుకు అనిపించేది. అక్క తన డబ్బాలోని పులిహోర పెడితే, ఇవాళే ఎందుకు పెట్టిందా అని ఆలోచిస్తూ తిన్నాను. బాగుంది. అది కూడా అనుమానాస్పదంగానే అనిపించింది.

నాకు ఒక అలవాటుండేది. ఆఫీసు టీ సంగతి కాకి చెప్పిందే కాబట్టి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి రోడ్డవతల బండి దగ్గరికి వెళ్లి ఇరానీ చాయ్ తాగొచ్చేవాణ్ని. ఇప్పుడు ఆలోచిస్తే, నేను టీ తాగొచ్చాక నా కుర్చీ ఎప్పుడూ ఒకేలా ఉండేది కాదు. ఒక్కోసారి మోకాళ్లు బల్లకు కొట్టుకునేంత పైకి ఉండేది. ఒక్కోసారి చిన్నపిల్లల కుర్చీలా నేలకు దిగి ఉండేది. మరోసారి మౌసు ఎడమ పక్కన పడి ఉండేది. కుర్చీ పాడైందని ఎప్పుడో బామ్మర్ది గారికి చెప్పాను కూడా. ఆయన "చూస్తానండి" అన్నారు, నా మొహంలోకి చూడకుండా.

గురువారం మధ్యాహ్నం, ఇక చేసేదేం లేక, ఆ కాకి బొమ్మను నా సాఫ్ట్‌వేర్‌లో తెరిచి పెద్దది చేస్తూ పోయాను. కాకి కన్ను తెరంతా నిండింది. ఇంకా పెద్దది చేస్తే రెక్క అంచు మెట్లు మెట్లుగా విడిపోయింది. నల్లటి గళ్ల పక్కన, సన్నగా, వెలిసిన పసుపు లాంటి గళ్లు. అంటే ఇది నీలం మీద గీసిన బొమ్మ కాదు. ఆ పసుపు గడి మీద మౌసు నొక్కి రంగు చూశాను.

చందనం.

చందనం రంగు బోర్డును చూసినవాళ్లం ముగ్గురం, తొంగి చూసిన బామ్మర్ది గారితో కలిపి నలుగురం. ఆయనకు గీయడం రాదు. నేను గీయలేదు. ఎం.డి. గారు గీస్తే కాకితో పాటు సూర్యుడు కూడా ఉండేవాడు. మెల్లగా పక్క సీటు వైపు తిరిగాను. అక్క డబ్బా మూత పెడుతోంది.

"అక్కా," అన్నాను, "పులిహోర బాగుండె."

"నిన్నే చెప్పావు కదరా."

"కాకి గూడ బాగుంది."

అక్క చెయ్యి మూత మీదే ఆగిపోయింది. చుట్టూ చూసి, కుర్చీ దగ్గరికి జరిపింది. "మెల్లగా మాట్లాడు. బొమ్మ నాదే. రాసిందొక్క ముక్క కూడా నాది కాదు. ఒట్టు."

"గట్లెట్లుంటది అక్కా? బొమ్మ నీది, మాటలు ఎవరివి? కాకి నేర్చుకుందా టైపింగు?"

"ఏడిశావ్. మొదటి వారంలో బోర్డు పనిచేస్తుందో లేదో చూడాలని ఒక ఉత్తుత్తి మెంబర్ని పెట్టాను. పట్టీకి చోటు అప్పుడే పెట్టి ఉంచాను, అది కూడా సరిగ్గా వస్తుందో లేదో చూడాలిగా, అందుకని అన్నం తింటూ ఒక కాకిని గీశాను. టెస్టింగ్ అయిపోయింది, మర్చిపోయాను. ఆ మెంబరు పాస్‌వర్డ్ నాకే గుర్తు లేదు."

"మరి లోపలికి ఎవలు పోతున్నరు?"

అక్క నా మెషిన్ వైపు చూసింది. నేనూ చూశాను. అప్పట్లో ఏ పేజీ చేసినా రెండు బ్రౌజర్లలోనూ తెరిచి చూడాలి, ఒకదాంట్లో బాగుంటే ఇంకోదాంట్లో చెదిరిపోయేది. అందుకని నా మెషిన్‌లో రెండూ ఉండేవి. నాకు రెండోదంటే చిరాకు, దాన్ని ముట్టుకునేవాణ్ని కాదు. అక్క వంగి ఆ రెండోదాన్ని తెరిచి, బోర్డు పేజీకి వెళ్లింది. పేరూ పాస్‌వర్డూ ఏమీ అడగలేదు. పైన రాసి ఉంది: "స్వాగతం, కాకి."

"నీ మెషిన్ మీదే టెస్ట్ చేశాన్రా," అంది అక్క మెల్లగా. "బయటికి రావడం మర్చిపోయాను. అప్పట్నుంచీ ఇది లోపలే ఉంది."

అంటే నేను టీకి వెళ్లినప్పుడు ఎవరు వచ్చి ఆ రెండో బ్రౌజర్ తెరిచినా, వాళ్లే కాకి. నా సొంత కుర్చీలో కూర్చుని నా ఉద్యోగం తీయిస్తున్నారన్నమాట.

"రేపు మీటింగ్‌ల ఈ ముచ్చట చెప్తా," అన్నాను.

"చెప్పు. కానీ బొమ్మ నాదని చెప్పకు. చెప్తే రాసింది కూడా నేనేనంటారు. ఇంకా నన్ను కన్ఫర్మ్ కూడా చెయ్యలేదు."

"చెప్పకుంటే నేనే అంటరు."

తను నిజమే చెప్తోందా అని నేను, వీడు నోరు మూసుకుంటాడా అని తను. అంత స్నేహంలో కూడా ఒకరినొకరం ఒంటి కన్నుతో చూసుకున్నాం, అచ్చం ఆ కాకిలాగే.

శుక్రవారం. మీటింగు గది అని వేరే ఉండేది కాదు, ఎం.డి. గారి గదిలోనే అందరం ఇరుక్కున్నాం. ఏ.సి. గాలి తగిలి కొందరి మొహాలు విచ్చుకున్నాయి. ఎం.డి. గారు లేచి, మార్కర్ తీసుకుని, తెల్లబోర్డు మీద పెద్ద అక్షరాలతో 'ట్రస్ట్' అని రాసి, కింద రెండు గీతలు కొట్టారు.

"కుటుంబంలో నమ్మకం లేకపోతే ఏముందండి?" అన్నారు. "ఎవరో ఒకరు దొంగచాటుగా..." నా వైపు చూశారు. "చెప్పవయ్యా."

నా దగ్గర సాక్ష్యం రెండు ముక్కలు. ఒకటి చందనం, అది అక్క మెడకు చుట్టుకుంటుంది. రెండోది కుర్చీ. అక్క నేల చూపులు చూస్తోంది. కుర్చీతోనే మొదలుపెట్టాను.

"సార్, నా మెషిన్‌ల రెండో బ్రౌజర్ ఉంది. అది తెరిస్తే ఎవరైనా కాకే. నేను టీకి పోయినప్పుడు ఎవలు కూసున్నా కాకే. పాస్‌వర్డ్ గీస్‌వర్డ్ ఏం లేదు."

"అయితే అది ఎవరు?"

"ఒకరు కాదు సార్. కుర్చీ చెప్తది." గది ఇంకాస్త చల్లబడింది. "ఏసీ ముచ్చట వచ్చిననాడు నేను టీ తాగొచ్చి కూసుంటే మోకాళ్లు బల్లకు తాకినయ్. అంటే పొడుగాయన."

ఆఫీసులో అంత పొడుగు నెట్‌వర్క్ అన్న ఒక్కడే. అన్న కొద్దిగా వంగి నిలబడ్డాడు, ఇప్పుడు వంగి లాభమేంటో.

"జోకుల ముచ్చటనాడు కుర్చీ నేలకు దిగింది. అంటే పొట్టాయన."

బామ్మర్ది గారు తాళాల గుత్తిని చాలా శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టారు.

"టీ ముచ్చటనాడు," అన్నాను, "కుర్చీ బాగనే ఉండె. మౌసు ఎడమ దిక్కు ఉండె."

అందరూ ఒకేసారి తెల్లబోర్డు వైపు తిరిగారు. దాని ముందు ఎం.డి. గారు, ఎడమ చేతిలో మార్కర్. ఆయన కూడా తన చేతి వైపు చూసుకున్నారు. మార్కర్ నెమ్మదిగా కుడి చేతిలోకి మారింది. అది ఇంకా ఘోరంగా ఉంది.

ముందు అన్న నోరు విప్పాడు. "సార్, ఏసీ ముచ్చట నాదే. ప్రింటర్ జేయనీకి కూసున్న, బోర్డు ఖుల్లా ఉంది గద అని రాసిన. నా పేరు మీదనే వస్తదనుకున్న. వత్తినంక జూస్తే కింద కాకి! నేనే పరేషాన్ అయిన. మల్ల అనుకున్న, మంచిగనే ఉంది, ఉండనియ్యి అని. గా ఒక్కటే సార్ నాది. మిగతయి అన్నీ తమ్మియే అనుకున్న."

"ఆదివారం గురించి రాసింది నేనండి," అంది రిసెప్షన్ మేడమ్ వెనక నుంచి. "ఒక్కటే రాశాను. మిగతావి ఇతనే అనుకున్నానండి."

బామ్మర్ది గారు తాళాల్లోంచి తలెత్తలేదు. "బావగారూ, ఆఫీసులో అంటే సరేనండి. ఇంటికొచ్చాక భోజనాల దగ్గర మళ్లీ అవే జోకులు. మా అక్క ముందు నవ్వకుండా ఉండలేను, ఎవరికి చెప్పుకోనండి? ఒక్కటే రాశాను. మిగతావి ఇతనే..."

"టీ సంగతి నువ్వు కాదని నాకు తెలుసు!" అన్నారు ఎం.డి. గారు. అని, కుర్చీలో కూలబడ్డారు. "టీ గురించి రాసింది నేనేలెండి. స్కానింగ్‌కి వచ్చి చూస్తే కాకి కనిపించింది. మరి నేను నోటితో చెప్తే వాడు వాళ్ల అక్కకు చెప్తాడు, సాయంత్రం నాకు ఇంట్లో కూడా టీ ఉండదు. మిగతావన్నీ ఇతనే రాశాడనుకున్నానండి."

"నా టీ గురించా బావగారూ?" అన్నారు బామ్మర్ది గారు. అంత బాధగా ఎవరైనా టీ అనడం నేను వినలేదు.

అంటే ఆఫీసంతా కలిసి ఒక్క కాకిని పంచుకున్నారు. ఒక్కొక్కరూ తాము వేసింది ఒక్క కూతేనని, మిగతా అరుపులన్నీ నావేనని మనస్ఫూర్తిగా నమ్మారు. అందులో ఒక్క కూత కూడా వెయ్యనివాణ్ని నేనొక్కణ్నే. ఇన్నాళ్లూ ఆఫీసులో జోకర్ అని పేరు మోసింది కూడా నేనే. అంతకన్నా అవమానం ఉంటుందా?

నేను బతికిపోయాననుకునేలోపు ఎం.డి. గారు మళ్లీ తలెత్తారు. "అంతా బాగానే ఉంది. కానీ బొమ్మ? ఆ బొమ్మ గీసింది నువ్వేగా?"

నేను అక్క వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను, ఏ.సి. వైపు చూశాను. అది మంచి ఏ.సి. "సార్..." అన్నాను.

"బొమ్మ నేను గీశానండి," అంది అక్క, లేచి నిలబడి. "టెస్టింగ్‌కి. రాసినవి మాత్రం నావి కావండి."

అందరికందరూ దొరికిపోయిన గదిలో ఆ మాటకు కోప్పడే అర్హత ఉన్నవాడు మిగల్లేదు. ఎం.డి. గారు ఆమె వైపు ఆశ్చర్యంగా చూశారు. "మీరా? ఎంతసేపు పట్టిందండి?"

"డబ్బా తినేలోపు అయిపోయిందండి."

ఎం.డి. గారు నెమ్మదిగా నా వైపు తిరిగారు. ఆయన మనసులో గద్ద, పావురం, రెండు రోజుల మంటలు వరసగా కదులుతున్నాయని నాకు స్పష్టంగా కనిపించింది. నా నిర్దోషిత్వం సంపూర్ణంగా రుజువైంది.

సోమవారం నుంచి అక్క నా కుర్చీలో కూర్చుంది, కన్ఫర్మ్ కూడా అయింది. నన్ను టెస్టింగ్‌కు మార్చారు. ఎవరేం చేసినా నమ్మకుండా, అందులో తప్పు ఎక్కడుందా అని వెతకడం ఆ పని. ఇతరులను అనుమానించడానికి జీతం ఇస్తారని నాకు అంతవరకూ తెలియదు. ఇప్పటికీ ఆ పనే చేస్తున్నాను. మా నాయిన చుట్టాలకు ఏం చెప్పాలో తెలియక కొన్నాళ్లు పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాడు.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇక్కడ మీకో బుద్ధి చెప్పాలి కాబట్టి చెప్తున్నాను: టీకి వెళ్లేముందు కుర్చీ ఎత్తు చూసుకుని వెళ్లండి. ఇంతకన్నా పెద్దది నా దగ్గర లేదు.

అక్క మీటింగు అయిన రోజే కాకిని బోర్డు నుంచి తీసేసింది. మర్నాడు బోర్డు మీద "గుడ్ మార్నింగ్" వచ్చింది. ఆ తర్వాత రోజూ అదే. ఏ.సి. గది తలుపు మాత్రం తెరిచి పెట్టేవారు, కాస్త గాలి బయటికి వచ్చేది. టీ మారలేదు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఎం.డి. గారు నా బల్ల దగ్గర ఆగారు. చుట్టూ చూసి, గొంతు తగ్గించారు.

"ఏమయ్యా, పెద్ద పనేం లేదు. ఒక చిన్న బొమ్మ కావాలి. కాకి లాంటిది. ఊరికే, బోర్డు మరీ బోసిపోయింది."

"అక్కను అడగండి సార్. మంచిగ గీస్తది."

"ఆమె గీస్తే మళ్లీ అంత బాగా గీసిందెవరని గొడవ," అన్నారు. "నువ్వయితే..." అని ఆగిపోయారు. మర్యాద గల మనిషి.

గీశాను. రెండు రోజులు పట్టింది. తీగ మీద కూర్చున్నది కాకి కాదు, కోడి అని అందరూ మొదటి చూపులోనే ఒప్పుకున్నారు. ఈసారి అక్క దాన్ని అన్ని మెషిన్లలోనూ తెరిచే ఉంచింది. ఆ సాయంత్రానికి టీ గురించి రెండు, జోకుల గురించి ఒకటి వచ్చాయి. బొమ్మ ఎవరు గీశారో ఆఫీసంతటికీ తెలుసు. మాటలు ఎవరివని ఎవరూ అడగలేదు.

ముదురు నీలం మీద ఆ కోడి చాలాకాలం కూర్చుంది. కావాలంటే ఎంత పెద్దది చేసైనా చూసుకోండి, అంచుల్లో ఒక్క మచ్చ ఉండదు.